గాలితో గీసినవాళ్లు

మా తాతయ్యను నేను పటంలోనే చూశాను. ఆయన బతికుండగా దిగిన ఫొటో ఒకే ఒక్కటి. అదీ ఎవరి పెళ్లిలోనో, మూడో వరసలో, ముందు నిలబడ్డ పెద్దమనిషి తలపాగా చాటున ఒక చెవి పోయి, ముఖం మొత్తం చిటికెనవేలి గోరంత. దాన్ని మా ఊరి స్టూడియోలో ఎన్‌లార్జి చేయిస్తే చేతికొచ్చింది బూడిదరంగు మసక. ఆ మసకలోంచి కళ్లు, చెంపల ఎముక, రెండు రోజుల గడ్డం, పోయిన చెవి బయటికి తీసినాయన స్టూడియో వెనక గదిలో కూర్చునే ఎయిర్‌బ్రష్ మాస్టారు. పటం ఇంటికొచ్చిన రోజు మా నాయనమ్మ చాలాసేపు దాని ముందు నిలబడి, కొంగుతో అద్దం తుడిచి, "మీ తాతేరా. ఈ కోటు మాత్రం ఆయనది కాదు" అంది.

కోటు మాస్టారు తొడిగించాడు. చెవి కూడా ఆయన పెట్టిందే. కానీ నాయనమ్మ చెవి గురించి ఏమీ అనలేదు. భర్త చెవి ఎలా ఉంటుందో భార్యకు తెలియదా? రెండో చెవిని చూసి, దవడ వంపు చూసి, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసి, ఆ మనిషికి ఉండాల్సిన చెవినే ఆయన పెట్టాడు. ఫొటోలాంటి బొమ్మ అంటే ఫొటోను చూసి దించడమేగా అనేవాళ్లు ఇప్పటికీ ఎదురవుతుంటారు. వాళ్లకు నేను ఈ చెవి సంగతి చెబుతాను. ఫొటోలో లేనిదాన్ని ఫొటో అని నమ్మించగలిగినవాడికే ఈ విద్య వచ్చినట్టు.

బడి వదలగానే ఆ గదికి పరిగెత్తేవాణ్ని. మాస్టారి చేతిలో ఇంకుపెన్నంత పరికరం, దాని వీపున చింతగింజ పట్టేంత గిన్నె, తోకకు సన్నటి గొట్టం. గొట్టం రెండో కొస లారీ ట్యూబుకి బిగించి ఉండేది. ట్యూబు మెత్తబడినప్పుడల్లా ఎదురు సైకిల్ షాపు కుర్రాడు వచ్చి గాలి కొట్టిపోయేవాడు. "దగ్గరికొచ్చి ఊపిరి వదలమాకురా, బొమ్మ మీద పడద్ది" అనేవాడు మాస్టారు. తానూ అంతే, గీతకు ముందు ఊపిరి బిగబట్టి, గీత అయ్యాక వదిలేవాడు. ఆయనకు ఎవరూ నేర్పలేదు. మద్రాసు నుంచి వచ్చిన ఎవరిదో పరికరం పాడైతే బాగుచేయమని తెచ్చిచ్చారట. విప్పి, కడిగి, బిగించి, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక గీత గీశాడట. తరవాత ముప్ఫయ్యేళ్లు దాన్ని కింద పెట్టలేదు.

పరికరం పుట్టుక గురించి రెండు ముక్కలు చాలు. 1876లో అమెరికాలో స్టాన్లీ అనే ఆయన రంగు చిమ్మే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి కార్లతో పేరు తెచ్చుకున్న స్టాన్లీ కవలల్లో ఒకడాయన. 1879లో అయోవాలో ఎబ్నర్ పీలర్ ఇంకొకటి తయారుచేశాడు. గాలి, రంగు పెన్ను కడుపులోనే కలిసే పద్ధతి 1890ల్లో చార్లెస్ బర్డిక్ తెచ్చాడు. ఈనాటి పెన్నులు దాని వారసులే. మొదటి నుంచీ దీనికి అన్నం పెట్టింది ఫొటో స్టూడియో. పెరూలోని అరెకీపాలో ఒక ఫొటోగ్రాఫర్ కొడుకు ఆల్బెర్టో వర్గాస్ తండ్రి దగ్గరే ఈ పెన్ను పట్టాడు. షికాగోలో జార్జ్ పెటీ కూడా తండ్రి ఫొటో దుకాణంలోనే చెయ్యి తిప్పుకున్నాడు. తరవాత వీళ్లిద్దరూ అమెరికా పత్రికల్లో అందగత్తెల బొమ్మలకు మారుపేర్లయ్యారు. మా మాస్టారు ఈ ఇద్దరి పేర్లూ వినలేదు. కానీ ఆయనదీ అదే గోత్రం.

ఇక అసలు పనికి వస్తాను. మంచి పెన్నుకు ఒకే మీట. కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చూపుడువేలు ఒక్కటే రెండు పనులూ ఒకేసారి చేయాలి, ఆ రెంటికీ మధ్య మణికట్టు కదలాలి. సన్నపనికి నాజిల్ రంధ్రం 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, పీడనం 15 నుంచి 25 పీఎస్ఐ. కాగితానికి ఎంత దగ్గరగా తెస్తే గీత అంత సన్నం, కానీ దగ్గరకొచ్చేకొద్దీ రంగు సాలీడు కాళ్లలా పాకిపోతుంది. దూరం జరిపితే పొగమంచు. ఈ రెంటి మధ్యా ఉన్న రెండంగుళాల దూరంలోనే మొత్తం విద్య ఉంది. తొలి పాఠాలు చుక్కలు, గీతలు, ఆ తరవాత 'బాకు గీత'. వెడల్పుగా మొదలై, పెన్ను కాగితం మీదికి దిగుతూ, వేలు సడలుతూ, చివర సూదిమొనలా మాయం కావాలి. కనురెప్ప వెంట్రుక అదే, గడ్డి పోచా అదే, పెదవి మీది ముడతా అదే. వార్తాపత్రికల మీద పదివేల బాకు గీతలు గీయనిదే కనురెప్ప జోలికి పోవద్దని నేను పిల్లలకు చెబుతాను. పదివేలంటే బెదిరించడానికి చెప్పే లెక్క అనుకుంటారు. నిజంగానే పదివేలు గీయాలి.

గట్టి అంచు కావాలంటే మాస్క్ అడ్డం పెట్టాలి. జిగురు ఫిల్ము అతికించి కోసే పద్ధతి ఒకటి. మన దగ్గర పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగి, బ్లేడుతో వంపులు కోసి వాడేవాళ్లు. మాస్టారి దగ్గర ఒక డబ్బా నిండా అవే ఉండేవి, ఎవరివో పక్కటెముకలు ఇంకా లీలగా కనబడుతూ. మాస్కును కాగితానికి అతికిస్తే అంచు కత్తిలా వస్తుంది. అర అంగుళం పైకెత్తి చిమ్మితే మెత్తబడుతుంది. అసలు మాస్కే లేకుండా చిమ్మితే అంచు కరిగిపోతుంది. ముఖంలో ఈ మూడూ ఉండాలి. ముక్కు రంధ్రం అంచు గట్టిగా, ముక్కు పక్క నీడ మెత్తగా, చెంప జుట్టులోకి వెళ్లేచోట అంచే లేకుండా. కొత్తవాళ్ల బొమ్మలు బొమ్మల్లాగే ఉండటానికి కారణం రంగు కాదు, అంచులు. అన్నిటినీ ఒకే గట్టితనంతో కోసేస్తారు, ముఖం అట్టముక్కలా తయారవుతుంది.

రంగు పారదర్శకంగా ఉండాలి. పొర మీద పొర, పొర మీద పొర, లేత నుంచి ముదురుకు. మధ్యమధ్య గట్టి రబ్బరుతో చెరిపి, బ్లేడు మొనతో గీకి వెలుతురు బయటికి లాగాలి. చర్మరంధ్రాలు, నెరిసిన వెంట్రుకలు ఎక్కువగా అలా గీకినవే. తెల్లరంగు విషయంలో ఒక మోసం ఉంది, ఇది తెలియక నేను ఒక ఏడాది పాడుచేసుకున్నాను. నీడ మీద తెలుపు పల్చగా చిమ్మితే అది తెల్లగా రాదు, నీలంగా వస్తుంది. ఆకాశం నీలంగా కనిపించడానికి ఏది కారణమో ఇక్కడా అదే. సన్నని తెల్లకణాలు నీలివెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే తెలుపులో ఒక చుక్క పసుపో నారింజో కలిపి చిమ్ముతారు. ఇంకో సంగతి. మన దగ్గరికొచ్చిన మాన్యువళ్లన్నీ గులాబీ చర్మానికి రాసినవి. వాటి లెక్కతో గోదావరి రైతు ముఖం వేస్తే మట్టిబొమ్మ అవుతుంది. మన నల్లని, చామనచాయ చర్మం మీద ఎండ మెరుపు తెల్లగా ఉండదు. ఆకాశం నీలం అందులో ఉంటుంది, దాని పక్కనే ఎర్రమట్టి వెచ్చదనం ఉంటుంది. ఆ లెక్క మనవాళ్లు ఎవరికి వాళ్లు తయారుచేసుకున్నారు. ఏ పుస్తకంలోనూ లేదు.

ఇదంతా ఎంతదూరం వెళ్లగలదో చూడాలంటే చిత్రకారుడు చక్ క్లోజ్ దగ్గరికి వెళ్లాలి. 1967-68లో తన ముఖాన్నే దాదాపు 9 అడుగుల ఎత్తున వేశాడు. నోట్లో సిగరెట్టు, మాసిన గడ్డం, కళ్లద్దాలు. అందులో ఉన్నది నల్లరంగు ఒక్కటే. తెలుపు అంతా కాన్వాసుదే. మన ముఖానికి ఎదురుగా ఒక చెంప ఎకరం పొలంలా పరుచుకుని ఉంటుంది, ఆ ఎకరంలో ఏ వెంట్రుకా మరోదానిలా ఉండదు! తరవాత రంగులకు వచ్చినప్పుడు ఆయన చేసిన సాహసం ఇంకా పెద్దది. ఆఫ్‌సెట్ ప్రెస్సులో రంగులు విడదీసినట్టే, ముఖమంతా ఎరుపు, నీలం, పసుపు మూడే రంగుల్లో, ఒకదాని మీద ఒకటిగా చిమ్మాడు. పాలెట్ మీద కలపడం లేదు. కలయిక అంతా కాన్వాసు మీదే. ఒక పొరలో పొరపాటు జరిగితే దాచుకోవడానికి చోటుండదు. ఆడ్రీ ఫ్లాక్ చీకటిగదిలో కాన్వాసు మీద స్లైడు వేసుకుని, లిప్‌స్టిక్కులు, పళ్లు, కొవ్వొత్తులు ఎయిర్‌బ్రష్‌తో వేసింది. 1977 నాటి ఆమె 'మారిలిన్' బొమ్మలో రంగులు దీపాల్లా వెలుగుతాయి. స్విట్జర్లాండ్ గీగర్ మాస్కులు పక్కన పడేసి, ఒట్టి చేత్తో చిమ్ముతూ పీడకలలకు ఎముకలు తొడిగాడు. 'ఏలియన్' సినిమాలో జంతువు అందులోంచే వచ్చింది, 1980లో ఆస్కార్ తెచ్చింది. ఫిలిప్ కాసిల్ 'ఫుల్ మెటల్ జాకెట్' పోస్టరు కోసం వేసిన ఒక్క శిరస్త్రాణం చూడండి. అందులో మనిషి లేడు, అయినా యుద్ధమంతా ఉంది.

నా గుండె మాత్రం సోరయామా హజిమేది. 1978లో జపాన్‌లో ఒక విస్కీ ప్రకటన కోసం రోబో బొమ్మ వేయమన్నారు, వేశాడు. ఆ మెరిసే లోహపు శరీరాలు ఇంక ఆయన్ని వదల్లేదు. 1999లో సోనీ కుక్క రోబో ఐబో రూపం కూడా ఆయన గీసిందే. ఆ క్రోమ్ రహస్యం మన వంటింట్లోనే ఉంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమి కిటికీ ఎదురుగా పెట్టండి. మెరుపన్నది ఒక రంగు కాదని తెలుస్తుంది. చెంబుకు తన రంగంటూ దాదాపు ఉండదు. పైన కిటికీ, కింద గచ్చు, మధ్యలో వంకర తిరిగిన గది. క్రోమ్ కూడా అంతే. పైన ఆకాశపు నీలం చిక్కగా మొదలై దిగుతూ లేతబడుతుంది, నడుమ కత్తితో కోసినట్టు నల్లటి దిగంతం, దాని కింద నేల గోధుమరంగు పైకి తేలుతుంది. ముదురుకూ లేతకూ మధ్య దయాదాక్షిణ్యాలు ఉండకూడదు. లోహం మెత్తటి మార్పులను ఒప్పుకోదు. ఈ ఒక్క చెంబును ఆర్నెల్లు వేసినవాడికి బైకు ట్యాంకు ఇవ్వండి, కారు బానెట్ ఇవ్వండి, భయపడడు.

డిజిటల్ సంగతి. నేను కంప్రెసర్ పక్షం. దాచను. నాకు చప్పుడు కావాలి, రంగు వాసన కావాలి, వెనక్కి తీసుకోలేని గీత కావాలి. అయినా ఫొటోషాప్‌ను శత్రువంటే అన్యాయం. 1990లో అది వచ్చినప్పుడు అందులో ఎయిర్‌బ్రష్ పనిముట్టు ఉంది. మాస్క్ అన్న మాటా, దాన్ని చూపించే ఆ ఎర్రటి పొరా మన ప్రెస్సుల్లో, స్టూడియోల్లో వాడిన ఎర్ర మాస్కింగు ఫిల్ము నుంచి వచ్చినవే. అంచులు తెలిసినవాడికి స్టైలస్ చేతికిస్తే రెండు వారాల్లో దారిలో పడతాడు. అంచులు తెలియనివాడికి వెయ్యి లేయర్లు ఇచ్చినా ముఖం మైనంలా కరుగుతుంది. బర్ట్ మన్రాయ్ అనే అమెరికన్‌కు నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. 2006లో ఆయన పూర్తిచేసిన 'డేమన్', షికాగోలోని ఒక రైలుస్టేషను దృశ్యం. 40 అంగుళాల ఎత్తు, 120 అంగుళాల వెడల్పు. 11 నెలలు, దాదాపు 2,000 గంటలు, 15,000కు పైగా లేయర్లు. అందులో ఫొటో ముక్క ఒక్కటీ అతికించలేదు. తుప్పు కూడా గీసిందే. తరవాత వేసిన టైమ్స్ స్క్వేర్ 25 అడుగుల పొడవు, దానికి నాలుగేళ్లు పట్టింది. పనిముట్టు ఏదైతేనేం, ఇది మా మాస్టారి వంశమే.

సొంతంగా నేర్చుకుని ఇందులో బతకాలనుకునే పిల్లలు ఉత్తరాలు రాస్తుంటారు. చెప్పగలిగింది చెబుతాను. మొదట ఖరీదైన పెన్ను కొనకండి, మంచి కంప్రెసర్ కొనండి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చప్పుడు లేకుండా పని జరుగుతుంది గానీ, అది గాలితోపాటు నూనె కూడా పంపుతుంది, ఫిల్టర్ తప్పదు. మన కోస్తాలో వానాకాలం గాలిలో నీళ్లే ఎక్కువ. తేమ పట్టే సీసా లేకపోతే నలభై గంటల బొమ్మ మీద ఒక్క నీటిబొట్టు ఉమ్మేస్తుంది. ముక్కుకు మాస్కు పెట్టుకోండి, కాడ్మియం రంగులు ఎప్పుడూ చిమ్మకండి. మా మాస్టారు చివరి రోజుల్లో దగ్గుతూనే ఉన్నాడు, అది తలుచుకుంటే నాకు కోపం ఆగదు, ఎవరి మీదో తెలియదు.

పేరు రావాలంటే ఒక వస్తువు పట్టుకోండి. మా పేటలో ఒక అబ్బాయి నాలుగేళ్లు నీటిబొట్లే వేశాడు. ఆకు మీద, గాజు మీద, చర్మం మీద. ఇప్పుడు నీటిబొట్టు కావాలంటే కూల్‌డ్రింకు ప్రకటనలవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. అన్నీ వేస్తానన్నవాణ్ని ఎవరూ వెతకరు. గంటల లెక్కన ధర చెప్పండి, సైజు లెక్కన కాదు. అన్నిటికంటే ముఖ్యం, కాగితం మీద రాయించుకోండి. వర్గాస్ పేరు ఊరికే చెప్పలేదు. ఎస్క్వైర్ పత్రిక ఆయన పేరు చివర అక్షరం తీసేసి 'వర్గా' అని మార్చింది. నమ్మి సంతకం చేశాడు. తగువు కోర్టుకెక్కింది, చివరికి ఆ పేరు పత్రిక సొత్తని తేలింది. లోకమంతా తన బొమ్మల్ని ఏ పేరుతో ఎరుగునో ఆ పేరు పెట్టి బొమ్మ అమ్ముకునే హక్కు ఆయనకు లేకుండా పోయింది! మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చదవండి. డబ్బిచ్చి చిత్రమో పటమో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు వేయించుకున్నవాడే. ఆ 'వేరే ఒప్పందం' మీరు రాయించుకోవాలి. హక్కు పోయినా పేరు పోదు. ఈ బొమ్మ నాదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ మీకు ఉంచింది. అడగండి. ఒకసారి నా బొమ్మ ఒక క్యాలెండరు మీద నా పేరు లేకుండా వచ్చింది. అడిగితే, "మీ పేరు పెడితే డిజైన్ పాడవుతుందండీ" అన్నారు. ఆ మాట ఇరవయ్యేళ్లయినా చెవిలోంచి పోలేదు.

ఇప్పుడు మన ఊళ్ల కూడళ్లలో నిలబడి చుట్టూ చూడండి. ఒకప్పుడు సినిమా హాలు ముందు నలభై అడుగుల ఎన్టీఆర్, ఏఎన్నార్ చేత్తో వేసి ఉండేవారు. కర్రల మంచె మీద కూర్చుని, గళ్లు కొట్టుకుని, చేతిలో తపాలా బిళ్లంత స్టిల్లు పట్టుకుని, కన్ను ఒక్కటే మనిషంత వేసిన చేతులవి. ఆ చేతుల్ని ఫ్లెక్సీ రెండు మూడేళ్లలో తుడిచిపెట్టింది. వచ్చిందేమిటి? ఒకే దేహం మీద ఇరవై తలలు. ముడత లేదు, రంధ్రం లేదు, నీడ ఎటు పడుతుందో దిక్కు లేదు. అందరి చర్మమూ ఒకే గిన్నెలో ముంచి తీసినట్టు. అరవై ఏళ్ల నాయకుడికి పదహారేళ్ల చెంపలు. దీన్ని చూసి చూసి మన కళ్లు చెడిపోయాయి, అసలైన ముఖాన్ని చూపిస్తే 'ఇదేంటి, ఇంత మచ్చలున్నాయి' అంటున్నారు.

దానికి తోడు ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే నిమిషంలో బొమ్మ. చనిపోయినవాళ్ల ఫొటోలు కూడా ఫోన్‌లోనే సరిచేసి ఫ్రేము కట్టి ఇస్తున్నారు. ఒక ఇంట్లో చూశాను. పెద్దాయన ముఖం మెరిసిపోతోంది, కానీ అది ఆయన ముఖం కాదు. కింది పెదవికి ఎడమ పక్కన ఉండే గాటు లేదు. రెండు కళ్లలో రెండు రకాల కిటికీలు మెరుస్తున్నాయి, ఆ గదిలో అసలు కిటికీయే లేదు. యంత్రం వేసిన ఇత్తడి చెంబులోనూ ఇంతే, ఏ గదిలోనూ లేని వెలుతురు. ఎక్కడెక్కడి చిత్రకారుల పనినో అడక్కుండా నమిలి, పేరు లేకుండా ఉమ్మిన సరుకు అది. దాన్ని కాన్వాసు మీద ప్రింటు తీసి, పైన జిగురుతో బ్రష్ గీతలు దిద్ది 'హ్యాండ్ పెయింటెడ్' అని అమ్మేవాళ్లున్నారు. కొనేముందు ఒక భూతద్దం తీసుకెళ్లండి. ముద్రలో విడివిడి రంగుల సన్నటి చుక్కలుంటాయి. చేతిపనిలో ధూళిలా చెదిరిన కణాలుంటాయి, బ్లేడు గీతలుంటాయి. అయిదువేల ఫోను రిపేరుకు బేరమాడనివాళ్లు, యాభై గంటలు వంగి కూర్చున్నవాడితో యాభై రూపాయలకు బేరమాడతారు. సిగ్గుపడాల్సింది వాడా?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతయ్య పటం దించాను. చెద పడుతోందని వెనక అట్ట విప్పాం. బొమ్మను వెలుతురుకు పెట్టి భూతద్దంతో చూస్తే, గడ్డంలో నెరిసిన ప్రతి వెంట్రుకా బ్లేడుతో గీకింది, ఏదీ ఇంకోదానికి సమాంతరంగా లేదు. ఆ చెవి మీద, పైవంపున, వెలుతురు పడేచోట, పసుపు కలిపిన తెలుపు సన్నగా ఉంది. లారీ ట్యూబు గాలితో ఆ పని చేశాడు. నీలం రాకూడదని ఆయనకు ఎవరు చెప్పారో.

స్టూడియో ఉన్నచోట మందుల షాపు ఉంది. సైకిల్ షాపు కుర్రాడు తాతయ్యాడు, అతన్నడిగాను. "ఎయిర్‌బ్రష్ మాస్టారనే పిలిచేవాళ్లమండి. పేరు ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. పటం వెనక అట్ట మీద పెన్సిల్‌తో సైజు రాసి ఉంది. అడ్వాన్సు ఎంత ముట్టిందో, బాకీ ఎంతో రాసి ఉంది. 'కోటు, చెవి' అని రాసి ఉంది. సంతకం లేదు.